అరవై రోజుల లెక్క

సియాటెల్‌కు ఈశాన్యాన ఉన్న బాతెల్ పేరు వింటే మనవాళ్లకు అక్కడి హిందూ దేవాలయం గుర్తొస్తుంది, ఆ వెంటనే దగ్గరలోని రెడ్‌మండ్, అక్కడి మైక్రోసాఫ్ట్ గుర్తొస్తాయి. స్టార్టప్ కొలువు మంచిదా కాదా అని తేల్చుకోవాలనుకునేవాళ్లు మాత్రం ఆ ఊళ్లోని కాన్యన్ పార్క్ వైపు చూడాలి. మందుల పరిశోధన చేసే ఐకోస్ అనే చిన్న కంపెనీ అక్కడే పెరిగింది. 1990లో 3.3 కోట్ల డాలర్ల పెట్టుబడితో అది పని మొదలుపెట్టింది. డబ్బు పెట్టినవాళ్లలో బిల్ గేట్స్ ఒకరు. గ్లాక్సోతో కలిసి ఒక రసాయనం మీద పరిశోధన సాగుతుండగా, 1996లో ఆ పెద్ద కంపెనీ తప్పుకుంది. చిన్న కంపెనీ మాత్రం పట్టు వదలలేదు. 1998లో ఎలై లిల్లీ అనే మందుల కంపెనీని తోడు తెచ్చుకుంది. 2003 నవంబరులో ఆ రసాయనమే సియాలిస్ అనే పేరుతో అమెరికా ప్రభుత్వ అనుమతి పొందింది. మధ్యలో స్ట్రోక్‌కు, సెప్సిస్‌కు ఐకోస్ తయారుచేసిన మందులు పరీక్షల్లో విఫలమయ్యాయి. అయినా పని ఆగలేదు.

స్టార్టప్‌లో నిజంగా మెచ్చుకోవలసింది ఈ పట్టుదలనే. పెద్ద సంస్థలో ఒక ప్రాజెక్టు వందల్లో ఒకటి, లెక్క కుదరకపోతే జాబితాలోంచి కొట్టేస్తారు. చిన్నచోట ప్రయోగం చేసిన మనిషి, దాని భవిష్యత్తు నిర్ణయించే మనిషి ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఫలితం బాగోలేదని చెప్పినా, ఇంకో ఆరు నెలలు ఆగమని అడిగినా వినే చెవి అదే గదిలో ఉంటుంది. ఇరవై అయిదేళ్ల ఇంజనీరు పెద్ద కంపెనీలో పదేళ్లకు నేర్చుకునేది ఇక్కడ రెండేళ్లలో నేర్చుకోగలడు. కోడ్ రాసినవాడే కొనుగోలుదారుతో మాట్లాడతాడు, రాత్రి సర్వర్ పడిపోతే తనే లేపుతాడు. ఈ చదువు ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకదు. ఆఫీసులో ఇచ్చే ఉచిత భోజనమూ ఆటబల్లలూ దీని ముందు లెక్కలోకి రావు.

ఐకోస్ కథ అక్కడితో ముగియలేదు. 2007 జనవరిలో లిల్లీ ఆ కంపెనీని సుమారు 230 కోట్ల డాలర్లకు కొనేసింది. ఆ తర్వాత దాదాపు 500 మంది ఉద్యోగాలు పోయాయి. జీవ ఔషధాల ప్లాంటులో పనిచేసే 127 మందే మిగిలారు, ఆ ప్లాంటూ చేతులు మారింది. అమ్మకం వల్ల పై అధికారులకు దక్కే సొమ్ము మీద అప్పట్లో విమర్శలు వచ్చాయి. రిస్కు తీసుకున్నారు కనుక ప్రతిఫలం దక్కిందని సర్దిచెప్పవచ్చు. నా అభ్యంతరం ఆ ప్రతిఫలం మీద కాదు. స్టార్టప్ సంస్కృతికి ప్రాణం రిస్కును అందరూ కలిసి మోయడం. ఆ మోతలో ఎవరి వంతు ఎంతో కాగితం మీద రాసి లేనప్పుడు, కలిసి మోయడమనేది మాటగానే మిగిలిపోతుంది.

మనమంతా ఒక కుటుంబం అని స్టార్టప్‌లు తరచుగా అంటుంటాయి. ఆ మాట ఎంత బరువైనదో ఉమ్మడి కుటుంబం ఎరిగిన తెలుగువాళ్లకు తెలుసు. పంటపోయిన ఏడు చిన్నకొడుకును ఇంట్లోంచి తీసేయరు, పంపకాల రోజు వాడికీ వాటా ఉంటుంది. ఇక్కడ వాటా అంటే స్టాక్ ఆప్షన్లు. మామూలు పద్ధతిలో అవి నాలుగేళ్లలో చేతికొస్తాయి, మొదటి ఏడాది నిండేదాకా ఒక్కటీ రాదు. పదకొండో నెలలో తీసేస్తే ఏమీ మిగలదు. అంతకాలం నిలిచి ఆ తర్వాత వెళ్లిపోయినా, చాలా కంపెనీల్లో మూడు నెలల్లోపు సొంత డబ్బు పోసి ఆ షేర్లు కొనుక్కోవాలి, పన్నూ కట్టాలి. బజారులో అమ్ముడుపోని షేర్ల కోసం అప్పుచేయడం ఇష్టంలేక రాత్రింబవళ్లు చేసిన పనికి దక్కవలసింది వదులుకునేవాళ్లు ఉన్నారు.

మనవాళ్లలో చాలామందికి దీనిమీద ఇంకో బరువుంది. హెచ్‌1బి వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే, 2017 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. ఇంకోవైపు, పెద్ద సంఖ్యలో తీసేసేటప్పుడు వంద, అంతకు మించిన ఉద్యోగులున్న సంస్థలు 60 రోజుల ముందే చెప్పాలని 1988 నాటి ఫెడరల్ చట్టం ఉంది. వాషింగ్టన్ రాష్ట్రం 2025లో ఆ హద్దును 50 మందికి దించింది. నోటీసు కాలంలో జీతం వస్తూనే ఉంటుంది కనుక వీసా గడియారం ఇంకా మొదలవ్వదు. అంటే అలాంటి సందర్భంలో పెద్ద కంపెనీ ఉద్యోగికి ఇంచుమించు నాలుగు నెలలు దొరుకుతాయి. ఇరవై మంది ఉన్న స్టార్టప్‌లో శుక్రవారం సాయంత్రం కబురు వస్తే, శనివారం నుంచే లెక్క మొదలు. పక్క కుర్చీలో అదే పని చేసే అమెరికా పౌరుడు నిరుద్యోగ భృతి తీసుకుంటూ నిదానంగా వెతుక్కోగలడు. వీసా మీద ఉన్నవాడు పిల్లల బడి, ఇంటి అద్దె, గ్రీన్ కార్డు వరుస అన్నీ ఒక్కసారే తలకెత్తుకోవాలి. వ్యవస్థాపకుడు పోగొట్టుకునేది కంపెనీని. ఇతను పోగొట్టుకునేది ఆ దేశంలో ఉండే వీలునే.

పెద్ద కంపెనీలు మాత్రం భద్రమా అని అడగవచ్చు. మైక్రోసాఫ్ట్ 2023 జనవరిలో 10,000 మందిని, 2025 జూలైలో సుమారు 9,000 మందిని తగ్గించుకుంటానని ప్రకటించింది. భద్రం కాదు, ఒప్పుకుంటాను. ఉద్యోగం ఎక్కడైనా పోవచ్చు, పోయిన మర్నాడు చేతిలో ఏముంటుందన్నదే తేడా. ఎవరూ బలవంతపెట్టలేదు కదా అనే వాదన కూడా వినిపిస్తుంది. తెలిసి చేసిన ఎంపికైతే నిజమే. కంపెనీ మొత్తం షేర్లెన్నో చెప్పకుండా పదివేల షేర్లు ఇస్తామంటే, అది వందో వంతో లక్షో వంతో ఉద్యోగికి ఎలా తెలుస్తుంది? అమ్మకంలో ముందు పెట్టుబడిదారులకు ఎంత చెల్లించాలో తెలియకుండా తన వాటాను ఎలా లెక్కగడతాడు?

ఉద్యోగికి హక్కులు రాసిస్తే వేగం చస్తుందనేదే అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. దీనికి జవాబు కాలిఫోర్నియా చరిత్రలో ఉంది. ఉద్యోగి పోటీ కంపెనీలో చేరకూడదనే ఒప్పందాలు అక్కడ 1872 నుంచీ చెల్లవు. ప్రపంచంలో అత్యధిక స్టార్టప్‌లకు పుట్టిల్లయిన సిలికాన్ వ్యాలీ ఆ రాష్ట్రంలోనే పెరిగింది. వాషింగ్టన్ కూడా 2020 నుంచి లక్ష డాలర్ల లోపు సంపాదించేవారికి అలాంటి ఒప్పందాలు చెల్లవంది, ఆ హద్దును ఏటా పెంచుతోంది. ధైర్యంగా బయటికి నడవగలిగినవాడే రేపు ఇంకో కంపెనీ పెడతాడు. కదలనివ్వని కట్టుబాట్లవల్ల వేగం పెరగదు.

కనుక బాతెల్‌లోనైనా హైదరాబాదులోనైనా స్టార్టప్‌లో చేరబోయే కుర్రాళ్లు, అమ్మాయిలు ఆఫర్ లెటర్ దగ్గర మొహమాటపడకూడదు. మొత్తం షేర్లెన్ని, అమ్మకమైతే ముందు వాటా ఎవరిది, తీసేస్తే ఎన్ని వారాల జీతం, వీసా ఉన్నవాళ్లను పేరోలులో ఇంకో రెండు నెలలు ఉంచుతారా అని అడగాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. రెండేళ్లు పనిచేసి వెళ్లేవారికి షేర్లు కొనుక్కోవడానికి ఏడేళ్ల గడువిస్తానని పింటరెస్ట్ 2015లోనే ప్రకటించింది, అప్పటికి ఆ కంపెనీ ఇంకా షేర్ మార్కెట్లోకి రాలేదు.