జరుగని దినము

గడచిన కాలము మఱల రాదని పెద్దలందురు. మనకు జరుగకపోయిన వానిలోఁ గొన్ని వేఱొకచో జరిగియే యున్నవని చెప్పిన శాస్త్రజ్ఞుఁ డొకఁడు కలఁడు.

1935లో ష్రోడింగర్ పండితుఁడు పెట్టెలోని పిల్లి దృష్టాంతమును జెప్పెను. అణువు విచ్ఛిన్నమైనచో విషపుబుడ్డి పగిలి పిల్లి చచ్చును, కానిచో బ్రదుకును. గణితము రెండు స్థితులను గూడ నిలుపుచున్నది. పెట్టె తెఱచినంతనే యొకటి మాయమగునని పెక్కండ్రు చెప్పుచుండిరి. (మా చెల్లెలు పిల్లి మాట విని యీ పండితులపైఁ గోపించినది.) 1957లో ప్రిన్‌స్టన్ పరిశోధక విద్యార్థి హ్యూ ఎవెరెట్ అందుల కొప్పుకొనలేదు. రెండును నిలుచును, చూచువాఁడును రెండుగాఁ జీలును, ఒక శాఖవాఁడు రెండవదానిఁ గానఁజాలఁడు. 1959లో కోపెన్‌హేగెన్ నగరమున బోర్ పండితుఁడు దీని నాదరింపలేదు. నేఁటికిని విద్వాంసులు దీనిపై నేకాభిప్రాయులు కారు.

మా తండ్రిగారు పోయిన యేఁట దీనిఁ జదివితిని. వాగు పొంగక, బండి వేళకు వైద్యశాలఁ జేరిన శాఖ యొకటి కలదా? సిద్ధాంతము మనము కోరినవెల్లఁ గలవని చెప్పదు. సమీకరణము పుట్టించినవే కలవు. అట్టిది యున్నను, అచ్చటి కుమారుఁడు నేను గాను. వాని యింటఁ దండ్రిగారున్నారు. కాని యా వాగుగట్టునఁ దెల్లవాఱువఱకు నా చేయి విడువక వారు చెప్పిన మాటలు వానికిఁ దెలియవు.