వెచ్చదనం వెతుక్కునే నీటి ఆవులు

మా చెల్లెలి పురిటికని ఫ్లోరిడా వెళ్ళాను. జనవరిలో ఒక తెల్లవారుజామున మా మరిది, "వదినగారూ, పులిహోర కట్టండి, నీటి ఆవుల్ని చూపిస్తాను" అన్నాడు. ఓర్లాండో నుంచి గంట ప్రయాణం, బ్లూ స్ప్రింగ్ పార్కు.

అక్కడొక పెద్ద ఊట. ఏ కాలమైనా దాని నీళ్ళు 22 డిగ్రీలే. నది చల్లబడగానే మానటీలు ఇందులోకి వచ్చేస్తాయి. 20 డిగ్రీలకంటే తగ్గిన నీళ్ళలో ఎక్కువ రోజులుంటే వాటి ప్రాణానికే ప్రమాదం. చూడ్డానికి అంత లావా, ఒంట్లో కొవ్వు తక్కువేనట! చెక్క వంతెన మీంచి చూస్తే అద్దంలాంటి నీళ్ళలో బూడిదగుమ్మడికాయల్లా కదలకుండా పడున్నాయి. ఒక్కోటీ సుమారు 450 కిలోలు. ఓ పిల్ల తల్లి రెక్క కింద దూరి పాలు తాగుతోంది. వీపుల నిండా పడవ మోటార్ల రెక్కలు కోసిన గాట్లు. ఆ గాట్లను బట్టే ఏది ఏదో గుర్తుపడతారట, పాపం.

నాకు మనసులో గుచ్చుకుంది మాత్రం వేరే. ఊటలో వెచ్చదనం ఉంది గానీ తిండి లేదండీ. ఆకలేస్తే మళ్ళీ ఆ చన్నీళ్ళ నదిలోకే పోవాలి. రోజుకి ఒంటి బరువులో పదో వంతు దాకా గడ్డీ ఆకూ తినే జీవాలాయె! 2021లో ఫ్లోరిడాలో 1,100కి పైగా చచ్చిపోయాయి. కలుషితాల వల్ల తూర్పు తీరంలో సముద్రపు గడ్డి నశించి, చాలా వరకు ఆకలితోనే. తర్వాత రెండు చలికాలాలు ప్రభుత్వం వాళ్ళే లెట్యూస్ ఆకు వేసి ఆదుకున్నారు.

మీవాళ్ళెవరైనా అటుంటే నవంబరు మధ్య నుంచి మార్చి లోపల, బాగా చలేసే రోజు చూసి పొద్దున్నే వెళ్ళండి. ఆలస్యమైతే పార్కు నిండి గేటు వేసేస్తారు. జాలిపడి ఏమీ పెట్టకండి. చేతి తిండి మరిగితే పడవల దగ్గరికి చేరతాయి.