పచ్చ తెర వెనక

"పోయే ప్రాణంతో నాటకాలేందమ్మా?" సైకోడ్రామా, అంటే మనసులోని గొడవను నాటకంలా ఆడించే పద్ధతి, అనగానే రోగుల ఇంటివాళ్లు అనే మాట ఇది. వాళ్లనేం అనలేం. 1921లో వియన్నాలో జేకబ్ మొరెనో దీన్ని మొదలుపెట్టింది నాటకశాలలోనే. రోగుల బాధ తగ్గించే మా పాలియేటివ్ వార్డులో వేదిక ఎక్కడిది? మంచం, స్టూలు, చుట్టూ లాగే పచ్చ తెర, అంతే.

నొప్పి తగ్గకుండా నేను తెర లాగను. మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి పడాలి, అది పనిచేయాలి. మెలికలు తిరుగుతున్న మనిషిని మనసులో ఏముందని అడగడం క్రూరత్వం.

నోటి కేన్సర్‌తో ఒక పెద్దాయన ఉండేవాడు. గొంతుకు గొట్టం, మాట లేదు, ముక్కు గొట్టంలోంచే తిండి. గట్టు పంచాయితీతో అన్నకు దూరమై ఏళ్లయింది. పలక మీద అన్న పేరు రాయడం, తుడిచేయడం.

"కాకా, నీ బదులు నేను మాట్లాడత. తప్పయితే చెయ్యి ఊపు" అని ఆయన భుజం పక్కన కూర్చున్నా. దీన్ని డబ్లింగ్ అంటారు. ఎదుటి ఖాళీ స్టూలే అన్న. "అన్నా, నీ మీద కోపమున్నది" అన్నాను. చెయ్యి అడ్డంగా ఊపాడు. "నాకు సిగ్గయితున్నది" అన్నాను. కాసేపాగి బొటనవేలు ఎత్తాడు.

తర్వాత పాత్రల మార్పిడి. ఆయన లేచి స్టూలు మీదికి రాలేడు కాబట్టి తువ్వాలనే అన్నను చేశాం. అది భుజాన వేసుకుంటే ఆయనే అన్న. నర్సు ఆయనలా నిలబడి "అన్నా, సిగ్గయితున్నది" అంది. పలక అందుకుని రాశాడు: "ఏమన్న తిన్నవారా?"

తువ్వాల తీసి, దులిపి, మడతపెట్టాం. పాత్ర దిగిపోవడం తప్పనిసరి, లేకపోతే ఆయన అన్నగానే మిగిలిపోతాడు. చివర్న ఎవరూ సలహాలివ్వకూడదు, తమ సంగతే చెప్పాలి. "మా ఇంట్లనూ ఇదే లొల్లి కాకా" అంది నర్సు. ఆయన భార్య మాత్రం ఏమీ అనలేదు, పలక తుడవనివ్వలేదు.

ఎంత ఏడిపిస్తే అంత గొప్ప సెషన్ అనుకునేవాళ్లున్నారు. ఊపిరే కష్టమైన చోట ఆ లెక్క పనికిరాదు. ఆయాసం మొదలైతే ఆపేస్తాను. మొరెనో భార్య జెర్కాకు 1958లో కేన్సర్ వల్లే కుడిచేయి తీసేశారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆమె ఈ పద్ధతిని దేశదేశాల్లో నేర్పింది. ఇది ఒంట్లో బలం ఉన్నవాళ్లకేనని ఎవరైనా అంటే ఆమె పేరే చెబుతాను.

అన్న రాలేదు. ఈ పనితో రోగం తగ్గదు, ఆయుష్షు పెరగదు. ఆ సంగతి ఇంటివాళ్లకు ముందే చెబుతాను. ఆసుపత్రులు నడిపేవాళ్లను అడిగేది ఒక్కటే: తెర లాగి ఉన్న ఆ అరగంటలో రౌండ్లూ, ఫినాయిల్ తుడుపులూ పెట్టకండి.