గుల్లసున్నం

కోరింగ మడ అడవికి ఇవతల మా అమ్మమ్మగారి ఊరు. పోటు తీసేశాక కాకినాడ తీరం వైపు బురదంతా బయటపడితే, మనుషులు మోకాళ్ళలోతు దిగి, వంగి, చేతులతో తడుముతూ గుల్లలు ఏరేవారు. బుట్టలోంచి ఉప్పువాసన, నీచువాసన, మడాకు కుళ్ళిన వాసన కలిసి వచ్చేవి. వెలుతురు దిగే పల్చటి చిప్పలు, కోసుగా మెలితిరిగిన నత్తలు, గట్లుగట్లుగా గరుకుగా ఉండే బరువైన గుల్లలు. ఆ గరుకు గుల్ల పగిలితే ఎర్రటి నెత్తురు కారేది. దాని చుట్టాలైన నత్తలకీ ఆక్టోపస్‌లకీ నెత్తుట్లో రాగి ఉంటుంది, నీలంగా కనిపిస్తుంది. ప్రాణవాయువు కరువైన బురదలో బతకాల్సిన దీనికి మాత్రం మనకున్నట్టే హిమోగ్లోబిన్ ఉంది.

ఊరి చెరువులో నత్తలది ఇంకో తీరు. నీళ్ళలో ఉన్నంతసేపూ మొప్పతో, పైకొచ్చి ఊపిరితిత్తితో గాలి పీల్చి, చెరువు నెర్రెలిచ్చే ఎండల్లో గుల్లకి మూత బిగించుకుని, తొలకరి దాకా మట్టిలోనే ఉండిపోయేవి. వానపడ్డ మర్నాడు గట్టంతా అవే. బాతులు బేగా పసిగట్టేవి, మేం వాటి వెనకాల.

ఒట్టి గుల్లలన్నీ బట్టీకి చేరేవి. బొగ్గు ఒక వరస, గుల్లలు ఒక వరస పేర్చి కాల్చాక నీళ్ళు చిలకరిస్తే, బుసబుసమని పొంగి, ఆవిరి కక్కి, తెల్లటి పిండై విడిపోయేవి. సంక్రాంతి ముందు ఆ సున్నంలో జిగురూ, చిటికెడు నీలిమందూ కలిపి, అమ్మమ్మ కొంగు బిగించి నారకుంచెతో గోడలన్నీ తనే వేసేది. ఆ రాత్రి పడుకుంటే తడిసున్నం చల్లదనం ముక్కుకి తగిలేది.

ఇప్పుడు చెరువు స్థలంలో రొయ్యల గుంటలు, గోడలకి డబ్బారంగులు. బట్టీ ఎక్కడుండేదో చూపించాలంటే పెద్దవాళ్ళే రావాలి.

నీళ్ళలోని సున్నాన్ని ఒంటిమీది పల్చటి పొరతో కొంచెం కొంచెంగా పేర్చుకుని గుల్లజీవి ఇల్లు కట్టుకుంటుంది. బట్టీలో ఆ ఇంటినుంచి బొగ్గుపులుసు వాయువు పోతుంది. గోడకెక్కిన సున్నం ఆరుతూ ఆరుతూ గాలిలోంచి అదే వాయువుని మళ్ళీ పీల్చుకుని గట్టిపడుతుంది. అంటే సంక్రాంతి వెళ్ళి కొన్నాళ్ళయ్యేసరికి అమ్మమ్మ గోడమీద ఉన్నది మళ్ళీ గుల్ల పదార్థమే. చిన్నప్పుడు మేం వీపు ఆనించి కథలు విన్నది దానికే.