రెజ్యూమెలోకి రాని ఊరు

ఫ్రెషర్ల ఇంటర్వ్యూల కాలం వచ్చిందంటే నా బల్ల మీదికి చేరే రెజ్యూమెలన్నీ ఒకే చేతిరాతలా ఉంటాయి. మొదట కెరీర్ ఆబ్జెక్టివ్, పేరున్న సంస్థలో సవాళ్లతో కూడిన ఉద్యోగం కావాలని. తర్వాత పదో తరగతి నుంచి బీటెక్ దాకా మార్కుల పట్టిక. ప్రాజెక్టు అంటే లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, లేదంటే ఆన్‌లైన్ షాపింగ్ సైటు. హాబీలు క్రికెట్, పాటలు వినడం. అడుగున, పై వివరాలన్నీ నిజమేనని డిక్లరేషన్. పేరు మీద వేలుపెట్టి మూస్తే ఏది ఎవరిదో చెప్పలేం.

ఇందులో పిల్లల్ని తప్పుపట్టడానికేమీ లేదు. సీనియర్ ఇచ్చిన ఫైల్లో పేరు, ఫోన్ నంబరు మార్చుకోవడం కాలేజీల్లో ఆనవాయితీ. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల జెరాక్స్ షాపుల్లో ఇంటర్వ్యూ ప్రశ్నలు, జవాబులు కట్టలు కట్టలుగా దొరుకుతాయి. ఆ వీధులంటే నాకు గౌరవం. ఇరుకు హాస్టళ్లలో ఉంటూ, ఉదయం జావా, సాయంత్రం పైథాన్ నేర్చుకున్న పిల్లల వల్ల ఎన్ని కుటుంబాలు నిలదొక్కుకున్నాయో నేను కళ్లారా చూశాను. అక్కడ విద్య దొరుకుతుంది. కాకపోతే తన గురించి తాను చెప్పాల్సిన నాలుగు మాటలు కూడా అక్కడే తయారుగా దొరకడం నన్ను బాధపెడుతుంది.

ఎంపిక ఎలా జరుగుతుందో ఆ పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పరు. మొదటి వడపోత మార్కులది: అరవై శాతం ఉండాలి, బ్యాక్‌లాగులు ఉండకూడదు అంటారు చాలాచోట్ల. రెండోది ఆన్‌లైన్ పరీక్ష, అందులో ఆప్టిట్యూడ్, కోడింగ్. ఈ రెండూ దాటి నా ఎదుట కూర్చునేసరికి అందరూ ఇంచుమించు సమానులే. హ్యాష్‌మ్యాప్ లోపల ఎలా పనిచేస్తుందని అడిగితే అందరూ చెబుతారు, అవే వాక్యాల్లో. సాయంత్రం ప్యానెల్ వాళ్లమంతా కూర్చుని ఎవరిని తీసుకోవాలో మాట్లాడుకునేటప్పుడు మార్కుల కాగితం మా ముందే ఉంటుంది. అయినా చర్చ నడిచేది జ్ఞాపకాల మీద. ‘అదే, ఫలానా పని చేసిన అబ్బాయి’ అని ఒక్క వాక్యంలో ఎవరైనా గుర్తుచేయగలిగితే ఆ అభ్యర్థి గురించి నాలుగు మాటలు సాగుతాయి. అలాంటి వాక్యం లేనివాళ్ల పేరు చదవడం, తర్వాతి పేరుకు వెళ్లడం. ఇది న్యాయమని నేననను, జరిగేది మాత్రం ఇదే.

ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఒకమ్మాయిది కూడా అదే రెజ్యూమె, అదే లైబ్రరీ ప్రాజెక్టు. జవాబులు చెబుతోంది గానీ గొంతులో ప్రాణం లేదు. ఇంట్లో ఏం చేస్తారమ్మా అని అడిగితే, “అమ్మ ఊళ్లో పాలకేంద్రం నడుపుతుంది సార్” అంది. లెక్కలు ఎవరు చూస్తారంటే తనేనట. అక్కణ్నుంచి ఆ పిల్లే మాకు పాఠం చెప్పింది. పూటపూటకీ ఒక్కొక్కరి పాలకు ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాలు) చూస్తారు. రేటు ఆ రెండింటి మీదే. పది రోజులకోసారి బిల్లు. ఫ్యాట్‌లో ఒక పాయింటు తేడా వస్తే రైతు గొడవకు దిగుతాడు. అందుకని ఫోన్లో చిన్న ప్రోగ్రాం రాసింది. నెట్ లేకపోయినా అంకెలు ఫోన్లోనే ఉండి, సిగ్నల్ వచ్చాక చేరతాయి. ఒకసారి నమోదైన అంకెను దిద్దితే పాతదీ కొత్తదీ రెండూ కనిపిస్తాయి. “చెరిపేస్తే మా అమ్మను నమ్మరు కదా సార్” అంది.

సాఫ్ట్‌వేర్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు కూడా వెంటనే తట్టని విషయం అది. రెజ్యూమెలో ఎందుకు రాయలేదమ్మా అంటే, “అది ప్రాజెక్టు కాదు కదా సార్, ఇంటిపని” అంది. ఆ సాయంత్రం ప్యానెల్లో మేము ఎక్కువసేపు మాట్లాడుకున్నది పాలకేంద్రం అమ్మాయి గురించే. ఆమెను తీసుకున్నాం.

సివిల్స్ ఇంటర్వ్యూలోనూ ఇంతే. మొత్తం 2,025 మార్కుల్లో దానివి 275. అభ్యర్థి నింపిన దరఖాస్తు బోర్డు సభ్యుల ముందుంటుంది. ఊరు, చదువు, చేసిన ఉద్యోగం, హాబీ, ప్రశ్నలు చాలావరకు వాటిలోంచే పుడతాయి. సొంత నేపథ్యం అడ్డు కాదనడానికి పలాస ప్రాంతం నుంచి వచ్చిన రోణంకి గోపాలకృష్ణే ఉదాహరణ. ఆయన ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పినవారు. తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకుని, పరీక్ష తెలుగులో రాసి, ఇంటర్వ్యూలోనూ దుబాసీ సాయంతో తెలుగులోనే మాట్లాడి, 2016 సివిల్స్‌లో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు.

ఇంగ్లీషు అక్కర్లేదని చెప్పడానికి కాదు ఈ మాట. మా రంగంలో ఇంగ్లీషు లేనిదే రోజు గడవదు, నేర్చుకోవాల్సిందే. కానీ బట్టీపట్టిన ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పే పిల్లాడి కన్నా, తడబడుతూనే తాను చేసిన పనిని విడమరచి చెప్పే పిల్లాడికి మేం ఎక్కువసేపు చెవి ఒగ్గుతాం. రెండో ప్రశ్న, మూడో ప్రశ్న వేయాలనిపించేది అతన్నే.

కాలేజీల్లో ప్లేస్‌మెంట్లు చూసే మాస్టార్లకు నాదొక విన్నపం. రెజ్యూమె నమూనా పంచేముందు ఒక్కో విద్యార్థిని పది నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టుకుని, సెలవుల్లో ఏం చేస్తావు, మీ ఇంట్లో లెక్కలెవరు చూస్తారు, నీ చేత్తో ఏం బాగుచేశావు అని తెలుగులోనే అడగండి. వాళ్లు చెప్పింది వాళ్ల చేతే రాయించండి. అందులో మెకానిక్ షెడ్డు ఉండొచ్చు, పొదుపు సంఘం పుస్తకం ఉండొచ్చు, తమ్ముడికి చెప్పిన లెక్కలు ఉండొచ్చు. ఆ కాగితాలు చదవడానికి ఎంత సమయమైనా ఇస్తాను.