టాపెట్ల చప్పుడు

మా ఇంటి వసారాలో ఉన్న బుల్లెట్ మోటారుసైకిలు 1986 నాటిది. మాలో ఒకరికి తండ్రి, మరొకరికి మామగారు అయిన పెద్దయ్యగారు పల్లె సంఘాల పరిచర్య నిమిత్తం దానిని కొన్నారు. 2009లో ఆయన ప్రభువు నొద్దకు వెళ్ళిన తరువాత, కాలువ గట్టు వెంబడి ఉన్న మూడు చిన్న సంఘాలతోపాటు ఆ బండి కూడా మా చేతికి వచ్చింది. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉండే పాత రకమది. 346 సి.సి. ఇంజను, పోత ఇనుప సిలిండరు. మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో తయారైన బండ్ల వంశంలోనిదే. 2010 ప్రాంతంలో ఈ ఇనుప ఇంజను తయారీ ఆగిపోయింది. తరువాత వచ్చిన ఇంజనులో టాపెట్లు నూనె ఒత్తిడితో వాటంతటవే సర్దుకునేవి, పానాతో పని లేదు. మా బండికి ఆ భాగ్యం లేదు.

మా ఇంజను కుడి పక్క నుండి ఎప్పుడూ టిక్ టిక్ మని సన్నని చప్పుడు వచ్చేది. పెద్దయ్యగారి రోజుల నుండీ ఉన్నదే. అయితే 2018లో మాకు ఆ చప్పుడు అవమానంగా తోచసాగింది. పట్టణ సంఘం ఆవరణలో కొత్త బండ్ల మధ్య దీనిని ఆపినప్పుడు, "అయ్యగారి కుట్టుమిషను వచ్చింది" అని యౌవనస్థులు నవ్వేవారు. వారి నవ్వులో ద్వేషమేమీ లేదు. అయినా మనస్సులో ముల్లులా ఉండేది. ఇప్పుడు ఒప్పుకొనుటకు సిగ్గుపడవలసిన పనిలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆరాధన ముగించుకొని 14 కిలోమీటర్లు ఎండలో నడుపుకుంటూ వస్తూ, దారిలో ఒక షెడ్డు దగ్గర ఆగి ఈ చప్పుడు పోగొట్టమన్నాము. ఇంజను అప్పటికి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. ఆ అబ్బాయి పక్కనున్న చిన్న మూత విప్పి, పది నిమిషాలలో ఏదో బిగించి, స్టార్టు చేసి చూపించాడు. టిక్ టిక్ పోయింది! ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో దానికి కూడా వందనాలు చెప్పుకున్నాము.

మరునాటి ఉదయమే కిక్కు తేలికగా దిగిపోయింది. బుల్లెట్ కిక్కు తెలిసినవారికి చెప్పనక్కరలేదు, అది కాలిని ఎదిరించాలి. మేము ఆలోచించలేదు సరికదా, తేలికైనందుకు సంతోషించాము. పదిసార్లు తొక్కితే గాని అంటుకునేది కాదు. కార్బరేటరులో టప్ మని ఎదురు పేలేది. ఒకసారి అంటుకొని పావుగంట నడిస్తే మాత్రం అంతా బాగానే ఉండేది. చలి వల్ల అనుకున్నాము. ప్లగ్గు మార్చాము, పాయింట్లు రుద్దాము, పెట్రోలు బంకును అనుమానించాము. చప్పుడు పోయిన రోజునుండే ఈ బాధ మొదలైందన్న సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మంచి జరిగిందని వందనాలు చెల్లించిన చోట తప్పు వెదకాలని ఎవరికి తోస్తుంది?

అలా ఆరు వారాలు గడిచాయి. ఒకనాడు తెల్లవారుజామున నాలుగు గంటలకు ఫోను మ్రోగింది. గట్టు చివరి సంఘంలో ఒక పెద్దతల్లి, పెద్దయ్యగారి చేతనే బాప్తిస్మము పొందిన ఆమె, కొంతకాలంగా మంచం మీద ఉన్నారు. "అమ్మ ప్రభువు బల్ల కావాలంటంది, వెంటనే రండయ్యగారూ" అన్నది కూతురు. రొట్టె, ద్రాక్షరసం సంచిలో సర్దుకొని బండి దగ్గరకు వెళ్ళాము. ఒకరి కాలు నొప్పి పుడితే మరొకరము, మోకాళ్ళు వణికే వరకు తొక్కాము. అంటుకోలేదు. ఆ వేళకు ఆటో దొరకలేదు. మొదటి బస్సు పట్టుకొని, దిగిన చోటు నుండి గట్టు మీద నడిచి మేము చేరేసరికి ఏడు దాటింది. ఆమె అప్పటికే వెళ్ళిపోయారు. కూతురు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, కుర్చీలు వేసింది.

భూస్థాపన అయిన తరువాత, పెద్దయ్యగారి కాలంలో ఈ బండి చూసిన ముసలి మేస్త్రి కోసం వెదికాము. ఆయన షెడ్డు మానేసి చాలా కాలమైంది. మేము చెప్పినదంతా విని ఒక్కటే అడిగాడు: "చప్పుడు పోగొట్టించినప్పుడు ఇంజను వేడిగా ఉందా, చల్లగా ఉందా?" వేడిగా ఉందన్నాము. "రాత్రంతా ముట్టుకోకండి. తెల్లారగట్ల నేనే వత్తాను" అన్నాడు.

వచ్చి, స్టార్టు చేయనివ్వలేదు. చేత్తోనే కిక్కు నొక్కి చూసి తల ఊపాడు. ప్లగ్గు విప్పి, టాప్ గేరులో పెట్టి, వెనుక చక్రం మెల్లగా త్రిప్పించాడు. కుడి పక్క మూత తీస్తే లోపల రెండు రాడ్లు కనబడతాయి, ఒకటి గాలి లోపలికి వచ్చే వాల్వుది, ఒకటి పొగ బయటికి పోయే వాల్వుది. మొదటి రాడ్డు లేచి దిగేదాకా చూసి, ప్లగ్గు రంధ్రంలో కొబ్బరి ఈనె పెట్టి, అది పూర్తిగా పైకి వచ్చిన చోట ఆపించాడు. ఆ స్థితిలో రెండు వాల్వులూ మూసుకొని ఉండాలి, రెండు రాడ్లూ వేళ్ళతో తిరగాలి. మమ్మల్నే త్రిప్పి చూడమన్నాడు. మొదటిది తిరిగింది. పొగ వాల్వుది మేకు దిగగొట్టినట్లు ఉంది.

మాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. ఈ ఇంజనును చల్లబరచేది రెక్కలకు తగిలే గాలే. నడుస్తున్నకొద్దీ ఇనుప సిలిండరు బాగా వేడెక్కి నిలువునా పెరుగుతుంది. దాని పక్క సొరంగంలో నిలబడిన రాడ్లు అంత వేడెక్కవు, అంత పెరగవు. కనుక వేడి మీద సందు పెరుగుతుంది. అందుకే ఈ ఇనుప ఇంజనుకు, అది పూర్తిగా చల్లారినప్పుడు, పైకీ క్రిందికీ సందు లేకుండా, అయితే రాడ్డు వేళ్ళతో తిరిగేటట్టు అమర్చాలి. మా అబ్బాయి వేడి మీద సందు మూసేశాడు. రాత్రి సిలిండరు చల్లబడి కుంగగానే రాడ్డు వాల్వును ఎత్తి పట్టుకుంది. ఉదయం ఎంత తొక్కినా ప్రెషరు ఆ సందులోంచి జారిపోయింది. వేడెక్కాక బాగుండటానికి కారణమూ అదే. తప్పు ఆ అబ్బాయిది అనడం మాకిష్టం లేదు. వేడి బండి తీసుకెళ్ళి తొందరపెట్టింది మేమే.

మూడు పానాలు పట్టి ఆయన టాపెట్ సరిచేశాడు. "వదులైంది చెబుతాదండి. బిగిసింది చెప్పదు" అన్నాడు. మరీ వదులైతే అదీ అరుగుదలేనట. కిక్కు కొంత తిరిగి వచ్చింది, పూర్తిగా రాలేదు. రెండు రోజుల తరువాత హెడ్ విప్పి, వాల్వులు మూసి ఉండగా పొగ దారిలో పెట్రోలు పోస్తే, క్రింది నుండి బొట్లు బొట్లుగా కారింది. పొగ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటుకు ఆనినప్పుడే దించుకుంటుంది. ఆనక, ఉదయం మొదటి మైళ్ళలో మంట ఆ సందులోంచే పోయి అంచు గుంటలు పడింది. అదృష్టవశాత్తు పగలలేదు. పేస్టు పెట్టి నూరితే సరిపోయింది.

నెల తరువాత ఆ కూతురి ఇంట ప్రార్థనకు వెళ్ళి, జరిగినదంతా ఆమెకు చెప్పి క్షమాపణ అడిగాము. టాపెట్ల గొడవ ఆమెకు ఏమి అర్థమవుతుందోనని సందేహిస్తూనే చెప్పాము. ఆమె శ్రద్ధగా విన్నది. "అమ్మ ఆ రాత్రంతా మీ బండి చప్పుడు కోసమే చెవి పెట్టుకునుందమ్మగారూ. గట్టు మలుపు కాడే గుర్తుపట్టేసేది. 'టిక్కుటిక్కు వత్తంది, లైటెయ్యండే' అనేది. నెల్లాళ్ళ నుంచీ మీరు చప్పుడు లేకుండా వచ్చేత్తన్నారని అనుకునేది కూడాను" అన్నది. మేము ఏమి జవాబు చెప్పామో గుర్తులేదు.

చప్పుడు ఇప్పుడు ఉంది, మునుపటి కంటే కొంచెం సన్నగా. నెలకొక శనివారం తెల్లవారుజామున, పొయ్యి వెలిగించక మునుపే మూత విప్పుతాము. ఒకరము టార్చి పట్టుకుంటాము, ఒకరము రాడ్లు త్రిప్పి చూస్తాము. క్రిందటి నెలలో పొగ వాల్వు రాడ్డు కాస్త పట్టినట్లు అనిపించి రవ్వంత వదులు చేశాము.