కరగని జెల్లీ

మూత్రం కల్చర్ పరీక్షకి ఇస్తే ‘రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది’ అంటారు ల్యాబ్‌లో. ఆ రోజుల్లో అక్కడ జరిగేది ఒకరకంగా సాగు పనే. గుండ్రటి పళ్లెంలో గడ్డకట్టిన జెల్లీ పొలమైతే, నమూనాలోని బ్యాక్టీరియా విత్తనాలు. అవి మొలిచి చుక్కల్లా కనిపిస్తేనే జబ్బుకి కారణమేంటో తెలిసేది.

ఆ పొలం దేనితో తయారుచేయాలన్నది ఒకప్పుడు పెద్ద సమస్య. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ మొదట ఉడికించిన బంగాళాదుంప ముక్కలమీద ప్రయత్నించాడు. అన్ని బ్యాక్టీరియాలూ వాటిమీద పెరగలేదు. తర్వాత పశువుల ఎముకలూ చర్మం నుంచి తీసే జెలటిన్ వాడాడు. రోగకారక క్రిములు బాగా పెరగాలంటే మన ఒంటి వేడి... అంటే 37 డిగ్రీలు ఉండాలి. ఆ వేడికి జెలటిన్ కాస్తా కరిగి నీళ్లయ్యేది. పైగా కొన్ని బ్యాక్టీరియాలైతే దాన్నే తినేసేవి!

కోచ్ ల్యాబ్‌లో గాలిలోని సూక్ష్మజీవులమీద పరిశోధన చేస్తున్న డాక్టర్ వాల్తర్ హెస్సెదీ ఇదే అవస్థ. భర్త పనిలో సాయపడుతూ బొమ్మలు గీసిపెట్టే భార్య ఫానీ దగ్గర జవాబు దొరికింది. ఎండాకాలంలోనూ ఆమె చేసే జెల్లీలు కరిగేవి కావు. కారణం అగర్ అగర్. సముద్రపు నాచు నుంచి తీసే ఈ పదార్థం గురించి చిన్నప్పుడు న్యూయార్క్‌లో, జావాలో ఉండి వచ్చిన ఇరుగుపొరుగు చెప్పగా విందామె. మన కిరాణా కొట్లో చైనాగ్రాస్ పేరుతో దొరికేదీ అదే.

నీళ్లలో మరిగిస్తే కరిగే అగర్, 40 డిగ్రీల లోపుకి చల్లారాక గడ్డకడుతుంది. ఒకసారి గట్టిపడితే మళ్లీ 85 డిగ్రీలు దాటితేగానీ కరగదు. చాలా బ్యాక్టీరియాలకు అది ఆహారమూ కాదు. అందుకే ఏది పెరగాలో, ఏది పెరగకూడదో మనం కలిపే దినుసుల్ని బట్టే ఉంటుంది. పిత్త లవణాలు కలిపిన మెకాంకీ అగర్‌మీద ఇతర బ్యాక్టీరియాలు చాలావరకూ ఆగిపోతాయి, పేగుల్లో ఉండే ఇ.కొలి మాత్రం గులాబీరంగు చుక్కలై బయటపడుతుంది.

1882లో క్షయ క్రిమి గురించి ప్రకటించిన వ్యాసంలో కోచ్ అగర్‌ని ప్రస్తావించాడు, ఫానీ పేరు మాత్రం రాయలేదు. 1887లో గాజు పళ్లెం గురించి రాసిన పెట్రి పేరు స్కూలు పిల్లలకీ తెలుసు. అందులో పోసే జెల్లీకి దారి చూపిన ఫానీ 1934లో కన్నుమూసింది. ఆ జెల్లీని ల్యాబుల్లో ఈనాటికీ అగర్ అనే పిలుస్తారు.